ఇరవై ఇత్తడి గొట్టాలు

“మధ్యాహ్నం మూడింటికి మన శాస్త్రవేత్త కారు ఆనకట్ట దాటుతుంది. దాటనివ్వకూడదని శత్రుముఠా ఒక షూటర్‌ని పంపింది. మనిషెవరో తెలియదు.” ఫోనులో చీఫ్ కంఠం పొడిగా ఉంది.

“కారు ఆపేయొచ్చుగా, సర్?”

“ఆయన వస్తున్నట్టు తెలిసింది నలుగురికే. అందులో ఒకరు అమ్ముడుపోయారు. ఎవరికి చెప్పి ఆపమంటావ్? ఒక్కటే ఆధారం. ఆ తుపాకీ కొలతకు తూటా ఏ దుకాణంలోనూ దొరకదు. పేల్చిన ఖాళీ గొట్టాలనే మళ్ళీ నింపుకోవాలి. నాలుగైదుసార్లు పేలితే ఇత్తడి గట్టిపడి మూతి చిట్లుతుంది. నిప్పు చూపించి మెత్తబరచాలి. ఆనకట్ట ఉన్న లోయలో అలా మెత్తబరచే యంత్రం ఉన్నది ఒక్కడి దగ్గరే. వెళ్ళు. అక్కడ మన ఏజెంట్ హెరాన్ కలుస్తుంది.”

రెండు గంటలకు ఏజెంట్ లైల్ హాథవే వేటగాడి వేషంలో, మోంటానా కొండల నడుమ, ఆనకట్టకు ఎదురుగా ఉన్న ఎమెట్ స్కోగెన్ షెడ్డులో నిలుచున్నాడు. చేతిలో కాఫీ డబ్బా నిండా ఖాళీ గొట్టాలు. జేబులో కలం రూపంలో ట్రాన్స్‌మిటర్. వేషానికి అడ్డమని పిస్తోలును బండిలోనే వదిలి వచ్చాడు.

ఎమెట్‌కు డెబ్భై ఎనిమిదేళ్ళు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాడు. కుట్టుమిషను మోటారు, కూరలు తరిగే పలక నుంచి కోసిన చక్రం, గ్యాసు బర్నరు కలిపి ఆ యంత్రాన్ని స్వహస్తాలతో నిర్మించుకున్నాడు. చక్రం గంటులో పడిన గొట్టం మంట ముందు సరిగ్గా ఆరు సెకన్లు తిరిగి, కింద ఉన్న రొట్టెల పళ్ళెంలో టంగుమని పడుతుంది.

“ఇవి కొన్నావా బాబూ, చెత్తకుప్పలో ఏరావా?” అన్నాడు ఎమెట్ డబ్బాలోకి తొంగిచూసి. “ముందు ఆ అమ్మాయివి ఇరవై ఉన్నాయి. తర్వాత నీ దరిద్రం చూద్దాం.”

ఆ అమ్మాయి పేరు కోరిన్ వాస్. ఎర్రకోటు ధరించి, ఆ నూనె మరకల షెడ్డుకు ఏమాత్రం పొసగని సౌందర్యంతో బల్ల దగ్గర కూర్చుని ఉంది.

“ఎల్క్ దుప్పులు ఈ ఏడు ఇంకా కొండ దిగలేదు,” అంది.

“మంచు పడితే అవే దిగుతాయి.” సంకేతం కుదిరింది. హెరాన్ ఈమే! లైల్‌కు ప్రాణం లేచివచ్చింది. పక్కనే కూర్చుని గుసగుసగా అడిగాడు: “షూటర్ ఇంకా రాలేదా?”

“వచ్చి అరగంటైంది. ఆ ఇరవై నావే.” కోటు మడతలో పిస్తోలు నల్లగా మెరిసింది, దాని గురి ఎమెట్ వీపు మీద ఉంది. “నువ్వు నోరు తెరిస్తే ముందు పెద్దాయన పోతాడు. కలం ఇటివ్వు. బర్నరు మోతలో మన మాటలు ఆయనకు వినబడవులే.”

లైల్ ఇచ్చాడు. ఇవ్వక చేసేదేముంది?

“దీపం ఆర్పుతున్నా,” అని కేకవేశాడు ఎమెట్. ఇత్తడి మూతి మీద మసక ఎరుపు చీకట్లోనే కనబడుతుంది. మొదటి గొట్టాన్ని అలా చూశాకే ఆయన వేగం ఖాయం చేస్తాడు. “బాగుంది!” అన్నాడు. దీపం మళ్ళీ వెలిగేలోగా లైల్ చేయి బల్ల అంచున ఉన్న వేగం నాబ్‌ను తడిమి వెనక్కి తిప్పింది. చక్రం నెమ్మదించింది.

యంత్రం మీది నమ్మకంతో ఎమెట్ కాఫీ కోసం లోపలికి వెళ్ళాడు. గొట్టాలు ఒక్కొక్కటే మాడి పళ్ళెంలో పడుతున్నాయి. అప్పుడు లైల్‌కు తన తెలివి ఎంత నిష్ఫలమో తట్టింది: మాడిన గొట్టమైనా ఒక్కసారి పేలుతుంది. ఆమెకు కావలసింది ఆ ఒక్కసారే. చేతులు ముడుచుకుని, ఒక మనిషి చావును లెక్కపెడుతూ కూర్చున్నాడు. పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై.

ఎమెట్ కాఫీతో వచ్చి, ఒక గొట్టం మూతిని వేళ్ళతో నొక్కాడు. అది మాగిన పండులా నొక్కుకుపోయింది. ఆయన ముఖం పాలిపోయింది. పట్టకారు తీశాడు.

“ఏం చేస్తున్నారు?” కోరిన్ లేచింది.

“పాడైంది నా బల్ల దాటదమ్మా. ఎవడి మొహం దగ్గరో పేలితే?” కరక్. ఒకటి నలిగింది. కరక్.

“ఫర్వాలేదు, నాకిచ్చేయండి.”

“నీకు ఫర్వాలేదు. నాకుంది.” కరక్. కరక్.

“తాతా, ప్లీజ్! ఒక్కటి చాలు. తూటా నింపే చేతి ప్రెస్సు నా సంచీలోనే ఉంది.”

“తాతా లేదు, గీతా లేదు.” కరక్.

గడియారంలో రెండు యాభై. పళ్ళెంలో ఒక్కటి మిగిలింది. కోరిన్ పిస్తోలు పైకెత్తింది. ఎమెట్ కళ్ళద్దాల మీదుగా దాన్ని చూశాడు. తన పనిలో వేలు పెట్టే మేనేజర్లను నలభై ఏళ్ళు చూసినట్టే.

“కాల్చుకో. మాడిన ఇత్తడి మాత్రం బాగుపడదు.”

కరక్.

మూడైంది. కిటికీ అవతల, ఆనకట్ట మీదుగా శాస్త్రవేత్త కారుతో కలిపి మూడు నల్లకార్లు పాకుతూ వచ్చి, పాకుతూనే వెళ్ళిపోయాయి. కోరిన్ పిస్తోలును బల్లమీద పెట్టి, కాఫీ కప్పు అందుకుంది. “ఉత్తచేతులతో వెళ్తే మావాళ్ళు నన్ను బతకనివ్వరు. నువ్వే నన్ను అరెస్టు చేసి తీసుకెళ్ళు, లైల్.”

ఎమెట్ యంత్రం దగ్గరికి వంగి, లేచి, పట్టకారు ఝళిపించాడు. “ఈ నాబ్ తిప్పిన వెధవ ఎవడు?”

మూడు దేశాల చెరసాలల్లో పెదవి విప్పని ఏజెంట్ లైల్ హాథవే, క్షణమైనా తడబడకుండా, వేలెత్తి కోరిన్‌ను చూపించాడు.