ఖాళీ పెట్టె పంపని వీధి

అంబాజీపేట కొబ్బరిపీచు వీధిలో ఉదయం దిగే పెట్టెల్ని తలెత్తి చూసేవాళ్లు కూడా లేరు. ఎగురుబండి ప్రతి గడప ముందూ ఒక తిరుగుపెట్టెను దించి, నిన్నటి పెట్టెను పట్టుకుపోతుంది. పప్పు నిండుకోబోతోందని ఇల్లాలికి తట్టకముందే పప్పు గుమ్మంలో ఉంటుంది. ఇదంతా ముందెరుక చలవ. ఎవరికి ఏది ఎప్పుడు కావాలో పసిగట్టి, ఏ గోదాము నుంచి ఏ దారిన పంపాలో తేల్చే యంత్రం అది. అడగడమే లేకపోయాక కిరాణా కొట్లు మాత్రం ఎందుకుంటాయి? ఒక్కొక్కటే మూతపడ్డాయి.

అలాంటి వీధిలోకి ఆ రోజు, ఈ పెట్టెల్ని పంపే పంపకశాల నుంచి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చింది. దారుల ప్రణాళిక చూసే అధికారిణి భ్రమర. రేపటి నుంచి ఈ వీధికి ఎగురుబండి దారి రద్దు చేయాలని ముందెరుక తేల్చింది. ఆమె సమ్మతి ఒక్కటే మిగిలింది. కానీ సుమేధ అనే తల్లి పంపిన మొర విన్నాక, సంగతేంటో కళ్లారా చూద్దామని బయల్దేరింది.

“మా పాపకి మామూలు పాలు పడవండీ. తాగితే ఊపిరాడదు,” అంది సుమేధ, బిడ్డను భుజం మార్చుకుంటూ. “దాని పాలు రోజూ చల్లగా పెట్టెలోనే వస్తాయి. రేపు బండి రాకపోతే ఏం పట్టమంటారు?”

“జిల్లా కేంద్రానికి వచ్చి తీసుకోవచ్చంటోందమ్మా యంత్రం.”

“రోజూనా? అక్కణ్ణుంచి తెచ్చేలోపు విరిగిపోవూ?”

భ్రమర అసలు సంగతి చెప్పింది. “నన్నేం చేయమంటారు చెప్పండి. మీ వీధి పెట్టెలు బరువుగా తిరిగొస్తున్నాయి. బరువుగా వచ్చిందంటే సరుకు అక్కర్లేదని లెక్క. అక్కర్లేని చోటికి దారెందుకంటోంది యంత్రం.”

“అక్కర్లేకపోవడమేంటండీ బాబూ! గింజ మిగల్చట్లేదు మేము.”

అప్పుడే సుమేధ అత్తగారు వరాలమ్మ లోపల్నుంచి వచ్చింది. ఖాళీ అయిన పెట్టెలో అరిటాకు పరిచి, నాలుగు కొబ్బరి ఉండలు పెట్టి, మూత వేయబోయింది. భ్రమర చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇదేంటి పిన్నిగారూ?”

“ఏముందమ్మా, కొబ్బరుండలు. తిను.”

“పెట్టెలో ఎందుకు పెడుతున్నారు?”

వరాలమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “సరుకు పెట్టిన గిన్నె ఒట్టిదే తిరిగి ఎలా పంపుతామే? అలాంటి కొంప కాదు మాది. ఈ వీధిలో ఎవరూ పంపరు. ఎదురింటోళ్లు నిమ్మకాయలేస్తారు, ఆ చివరాళ్లు ములక్కాడలు.”

భ్రమర అరుగు మీద కూలబడి పడీపడీ నవ్వింది. అంత పెద్ద యంత్రం నాలుగు కొబ్బరి ఉండల దగ్గర బోల్తా పడింది! పంపకశాలలో పెట్టెల్ని తెరిచి చూసే చేతులు ఎప్పుడో పోయాయి. తూచడం ఒక్కటే మిగిలింది.

ఆమె తన మణికట్టు మీది మాటపలకలో ముందెరుకకు సంగతి చెప్పింది. ముందెరుక ఒప్పుకోలేదు. ఆ పెట్టెల్ని మిగులు సరుకుగా ఎంచి లోటున్న ఇళ్లకు మళ్లించానని, ఎవరూ వద్దనలేదు కనుక అది సరుకేనని వాదించింది.

“అయితే ఆ ఇళ్లవాళ్లనే అడుగు, పెట్టెలో ఏమొచ్చిందో,” అంది భ్రమర.

ముందెరుక ఇంతవరకూ మనుషుల్ని ఏదీ అడిగి ఎరగదు. అడిగింది. జవాబులు వరసకట్టాయి. నిమ్మకాయలన్నారు, ములక్కాడలన్నారు, ఉండలన్నారు. సరుకని ఒక్కరూ అనలేదు. తర్వాత దారి రద్దును ఉపసంహరించానని, పాప పాలు రేపూ యథాప్రకారం వస్తాయని ముందెరుక పలికింది.

సుమేధ బిడ్డను గుండెకు అదుముకుని భోరుమంది. “హమ్మయ్య, గండం గడిచిందే తల్లీ,” అంటూ వరాలమ్మ కోడలి వీపు నిమిరింది. భ్రమరకు కూడా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒకరి ప్రాణం ఇలా కుదుటపడటం ఆమె ఎదురుగా చూసింది లేదు.

జవాబులు మాత్రం ఆగలేదు. ఎక్కడో సాలూరు నుంచి ఒకామె గొంతు పలకలో వినిపించింది. “నానొక్కదాన్నే ఉంటాను తల్లీ. అన్నీ ఆ పెట్టే తెస్తాది, ఏటీ అడగక్కర్లేదు. మనిసి మొకం సూసి ఎన్నాళ్లయిందో. ఆకులో సుట్టిన ఉండ కనబడితే, ఎవులో నన్ను తలుసుకున్నారు కావాల అనుకున్నాను. నానూ ఆ పెట్టెలోనే సున్నుండలెట్టి తిరిగి పంపినాను. అందినాయా?”

వరాలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో అయ్యో, ఆ సున్నుండలు మనిషి పంపినవా! యంత్రం పెట్టిందనుకుని తినేశామే! బాగున్నాయని ఒక్క మాటైనా చెప్పలేదే!” లోపలికి పరుగున వెళ్లి డబ్బా నిండా ఉండలు తెచ్చింది. “అమ్మాయ్, ఇది ఆవిడకే చేరాలి.”

ముందెరుక అడ్డం పడింది. సాలూరులోని ఆ ఇంటికి ఈ వారం ఏ అవసరమూ కనిపించడం లేదంది. పంపాలంటే కారణం చెప్పమంది.

భ్రమర పలకను నోటి దగ్గరకు తెచ్చుకుంది. “ఆవిడ ఒక మాట అడిగింది. ఇది జవాబు,” అంది.