చెక్కి పారేసిన ఇసుక పొర

2091లో కాకినాడ తీరంలో సముద్రాన్ని చూడాలంటే తల పైకెత్తాలి. కాంక్రీటు గోడకు అవతల నీళ్లు ఎత్తులో ఉంటాయి. ఇవతల పల్లంలో కొత్త ఉప్పాడ జనం చేపలెండబెట్టుకుని బతుకుతున్నారు.

వాళ్ల తలరాత రాసే మహానుభావులు ఇద్దరు. సముద్రం మెట్టుమెట్టుగా లేస్తుందని, తర్వాతి మెట్టుకింకా రెండొందల ఏళ్లుందని పగడాలు చూసి చెప్పేది డాక్టర్ పేరిందేవి. కాదు, నత్తలా పాకుతుందని బురద పొరలు చూసి చెప్పేవాడు డాక్టర్ కూర్మారావు. ముప్పై ఏళ్లుగా ఒకరి మొహం ఒకరికి గిట్టదు. గోడ ఎప్పుడు పెంచాలన్నదే తగాదా. ఊరినే అక్కణ్ణుంచి లేపి వేరేచోటికి పంపాలేమోనన్న ఆలోచన ఇద్దరికీ కలలో కూడా రాలేదు.

తగువు తీర్చడానికి ప్రభుత్వం ‘స్తరవాణి’ని తెచ్చింది. ఇసుక రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో ఆ యంత్రం లేజర్‌తో పసిగడుతుంది. పగడం ఏటేటా వేసుకున్న వలయాలు లెక్కపెడుతుంది. ఆపైన తెలుగులో తీర్పు చెబుతుంది.

సముద్రం అడుగు నుంచి తీసిన పగడపు కడ్డీనైనా, బురద కడ్డీనైనా నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగంతో పరిశోధన చేస్తారు, రెండోది ముట్టుకోకుండా దాస్తారు. స్తరవాణి ఆ దాచిన సగాలే అడిగింది. చూసి ఇద్దరి ముందూ తీర్పు చెప్పింది.

“పగడం నిజమే, బురదా నిజమే. కానీ మీ ఇద్దరి కడ్డీల్లోనూ జానెడు మందాన లోతు సముద్రపు ఇసుక ఉంది. రాకాసి అల ఒక్క రోజులో తెచ్చి పడేసింది. అలా నాలుగుసార్లు. అలాంటి అలను ఏ గోడా ఆపదు. ఊరు లేపండి. మీ సగాల్లో ఆ ఇసుకను ఎందుకు చెక్కేశారు?”

“పైనుంచి జారిన చెత్త అది,” అన్నాడు కూర్మారావు.

“అవును, చెత్తే,” అంది పేరిందేవి. ఆయన మాటకు ఆవిడ ఊఁ కొట్టడం అదే మొదలు. ఆ ఇసుక చూసినప్పుడల్లా తన మెట్ల సిద్ధాంతానికి అడ్డొస్తోందని చిరాకుపడి తన సగంలోంచి గీకేసింది ఆవిడే. ఇప్పుడు ఒప్పుకుంటే ముప్పై ఏళ్ల పేరు గంగలో కలిసినట్టే. ఛీ, యంత్రం ముందు తలవంచడమా!

బయట ఉప్పాడ సర్పంచి నూకరత్నం కాచుకుని ఉంది. “మిషనేటందండీ? మేం ఉండాలా, లేవాలా? పిల్లలున్నోళ్లం, నిజం సెప్పండి.”

“దానికింకా లెక్క కుదరలేదమ్మా,” అన్నాడు కూర్మారావు.

పేరిందేవి ఒక్క క్షణం తటపటాయించింది. “గోడ చాలు. గుండె మీద చెయ్యేసుకుని పడుకోండి,” అంది.

“మీరు సల్లగుండాలండి,” అని నూకరత్నం దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం పేరిందేవి ఎవరికీ చెప్పకుండా పెద్దాపురం కొండ మీద అద్దె ఇల్లు చూడబోయింది. అరుగు మీద కూర్మారావు అప్పటికే నిలబడి ఉన్నాడు.

“మీరేంటండీ ఇక్కడ?”

“ఇక్కడ గాలి మంచిదని...”

“నేనూ గాలికే వచ్చాన్లెండి.”

ఇంటాయన తాళాలు తీసుకుని వచ్చాడు. “రెండు వాటాలున్నాయండి. కింద ఒకటి, మేడ మీద ఒకటి. ఎవరికేదండీ?”

“మేడ మీదది నాకు!” ఇద్దరూ ఒక్కసారే అరిచారు.