నెవెనా ఫోటో కింద

భార్య నెవెనా పోయి ఆనాటికి నలభై రోజులు. వెలిచ్కో ఉదయమే జిగురు కలిపి, ఆమె పేరున అచ్చైన నల్ల అంచుల ప్రకటనను వీధి తలుపు మీద అతికించి వచ్చాడు. రూసే పట్టణంలోని అచ్చాపీసులో ముప్పై ఏళ్లు ఇలాంటి మరణ ప్రకటనలు కూర్చిన చేతులవి. కాగితం మూల ఒక్కటీ పైకి లేవలేదు. వంటింట్లో కూతురు రలిత్సా ఉడికిన గోధుమల్లో అక్రోటు పొడి, పంచదార కలుపుతోంది. నలభయ్యో రోజు ఆచారం ప్రకారం పదకొండింటికి దాన్ని సమాధి దగ్గర పంచాలి.

"నాన్నా, చేతులు కడుక్కో. ఆ జిగురు చేత్తో గిన్నె ముట్టుకున్నావంటే అమ్మ లేచొచ్చి తిడుతుంది."

"రమ్మను. తిట్లు తిని నలభై రోజులైంది."

చేతులు కడుక్కోకుండానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అచ్చాపీసులో ప్రకటనకు వరుసకింత అని డబ్బు తీసుకునేవారు. ఒకసారి ఒక వితంతువు, వరుస మిగులుతుందని, భర్త పేరు ముందున్న 'ప్రియమైన'ను కొట్టేయించింది. వెలిచ్కో ఆ మాటను మరచిపోలేదు. పదవీ విరమణ చేశాక మరణ ప్రకటనల కోసం ఒక వెబ్‌సైటు తెరిచాడు. ఎవరైనా, ఎన్ని వరుసలైనా, ఉచితం. పన్నెండేళ్లలో ఆరు వేల మంది మృతులు అందులో చేరారు.

భార్య ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి సైటు వైపు చూడనివాడు, కూతురు పెట్టిన నెవెనా పేజీని ఆ రోజే తెరిచాడు. ఆమె ఫోటో కింద మరో స్త్రీ నవ్వుతోంది. 'మందులతో జుట్టు రాలిందా? అసలు జుట్టును మరిపించే విగ్గులు. ఈ వారమే తగ్గింపు.'

జనవరిలో ఇదే కంప్యూటరులో అతడు భార్య కోసం విగ్గు వెతికాడు. అది వచ్చేనాటికి ఆమె ఆసుపత్రిలో ఉంది. పెట్టె ఇంకా విప్పలేదు.

"రలిత్సా!"

ఆ కేకకు ఆమె గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు పెట్టారే ఇది?"

"నేనే. రెండు నెలలైంది."

"అమ్మ ముఖం కిందా?"

"అక్కడ పెట్టమని నేను చెప్పానా? ఎవరు ఏం వెతికారో ఆ ప్రకటనల కంపెనీవాళ్లకు తెలుసు. అదే వాళ్లకు చూపిస్తారు."

"నన్నొక్క మాట అడగలేదు!"

"అడిగితే ఒప్పుకునేవాడివా? చందాలివ్వండని ఏడాదిగా రాసిపెట్టావు. ఎంతమంది ఇచ్చారు? నలుగురు. అందులో ఒకతి అమ్మే. రుసుము పెడదామంటే, చచ్చినవాళ్లతో వ్యాపారమా అన్నావు. మహా దాతవు! సర్వరు అద్దె మూడేళ్లు నేనే కట్టాను నాన్నా. ఇక నావల్ల కాలేదు."

ఆమె వాదనలో వెలిచ్కోకు లోపం కనిపించలేదు. ఏడవడానికి వచ్చినవాళ్ల దగ్గర వరుస ధర వద్దన్నాడు. ఇప్పుడు వాళ్ల భయాలనే ఎవరో అమ్ముకుంటున్నారు. వరుస ధరైనా అచ్చాపీసు గోడ మీద రాసి ఉండేది.

"నీ ఫోనులో నీకేం చూపిస్తుంది?" అన్నాడు.

"ఏదో ఒకటిలే." ఫోను వెనక్కి దాచుకుంది.

అతడు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి దించలేదు. చివరికి ఇచ్చింది. అదే నెవెనా, అదే చిరునవ్వు. కింద: 'తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందా? నిద్ర పట్టనివారికి...'

"ఎన్నాళ్లుగా?"

"అమ్మ పోయినప్పటి నుంచి."

వాళ్లిద్దరి గదుల మధ్య ఒక్క గోడే. రోజూ పొద్దున్నే 'బాగా పడుకున్నావా' అని అడిగేవాడు. 'ఆఁ' అనేది. ఆధారం లేనిదే దేన్నీ నమ్మనని జీవితమంతా గర్వపడినవాడు ఆ ఒక్క అక్షరాన్ని నమ్మాడు. కూతురి దుఃఖాన్ని అతడికి ఒక మందుల వ్యాపారి చెప్పవలసి వచ్చింది.

"తీసెయ్యి తల్లీ, ఆ ప్రకటనలు."

"తీసేస్తే నెలాఖరుకి మూసెయ్యాలి. ఆరు వేల మందీ పోతారు."

"తెలుసు."

"అమ్మ కూడా."

"అమ్మ తలుపు మీద ఉందిగా," అన్నాడు వెలిచ్కో. "వాన వచ్చేదాకా ఉంటుంది."

రలిత్సా అతడి ఒడిలో ముఖం దాచుకుంది. అతడు ఆమె తల మీద చెయ్యి వేశాడు. సగం ఆరిన జిగురుకు వెంట్రుకలు అంటుకున్నాయి. అతడు చెయ్యి తియ్యలేదు, ఆమె తియ్యమనలేదు.