మూడు నిండుబొమ్మలు

వానకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అయినా అరుణపురంలో అప్పుడే గొడుగుల హడావుడి మొదలైపోయింది. గొడుగంటే పుస్తకాల్లో తప్ప చూడని జనం పాత గుడారాల గుడ్డ చింపి, సన్న గొట్టాలు పుల్లలుగా పెట్టి, తలా ఒకటి కుట్టేసుకుంటున్నారు. ఒకాయన గొడుగుని తిరగేసి పట్టుకుని, "నీళ్లు ఇందులో పట్టుకోవాలా?" అని అడిగాడు. పాపం, ఆయన తప్పేముంది! పుట్టింది అంగారకుడి మీద. పైనుంచి నీళ్లు పడతాయంటే నమ్మడమే గొప్ప.

అది 2131వ సంవత్సరం. నాలుగు వేల మంది ఉండే ఆ ఊరి మొత్తాన్నీ ఒక పారదర్శక గోపురం కప్పి ఉంటుంది. జనం దాన్ని పందిరి అంటారు. లోపలి గాలినీ, వేడినీ, తేమనీ చూసుకునే యంత్రబుద్ధినీ పందిరి అనే పిలుస్తారు. ధ్రువాల మంచు కరిగించి ఆరేళ్లుగా పోగుచేసిన నీటిని ఆవిరి చేసి, పందిరి కింద మబ్బు పట్టించి, పదకొండు నిమిషాల పాటు వాన కురిపించబోతున్నారు. మళ్లీ అంత నీరు పోగవ్వాలంటే ఇంకో ఆరేళ్లు ఆగాలి.

ఊరంతా వాన కోసం చూస్తుంటే, శాస్త్రవేత్త వకుళ మాత్రం ఆ వానని పట్టే కెమెరాల కోసం తిండీ నిద్రా మానేసి పరుగులు పెడుతోంది. ఏడేళ్ల కష్టం అది.

ఆ కాలంలో ఫొటోలకేం కరువు! పదేళ్లు నిండగానే ప్రతివాళ్ల కంటికీ పల్చటి కంటిపొర పెట్టేస్తారు. చూసిందల్లా అదే నమోదు చేసుకుంటూ పోతుంది. రోజుకి లక్ష ఫొటోలు. వాటిని మళ్లీ తీసి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆ చెత్త చూసి ఒళ్లు మండే వకుళ తన కెమెరా చేయడం మొదలుపెట్టింది. జేబులో పట్టేది, టైటానియం ఒళ్లు, ఒక్క కటకం, ఒక్క మీట. ఊళ్లో అంతకంటే మేలిరకం వస్తువు లేదు. లోపల గోళీకాయంత స్మృతిస్ఫటికం ఉంటుంది. మీట నొక్కితే నిమిషం పాటు చుట్టూ ఉన్న వెలుగూ, చప్పుడూ, వాసనా, గాలిలోని చల్లదనమూ, అన్నీ ఆ స్ఫటికంలోని ఒక పొరలో అణువుల అమరికగా ముద్రపడిపోతాయి. తర్వాత ఆ స్ఫటికాన్ని ప్రదర్శన గదిలో పెడితే, ఆ నిమిషంలోకి నడిచి వెళ్లొచ్చు. దానికి వకుళ పెట్టుకున్న పేరు నిండుబొమ్మ.

చిక్కల్లా ఒకటే. ఒక పొర మీద ఒకసారే ముద్ర. చెరపడానికి లేదు, నకలు తీయడానికి లేదు. జేబు కెమెరాలో పట్టే స్ఫటికానికి ఉండేది మూడే పొరలు.

"మూడేనా! మూడు వందల పొరలది కూడా చేశావుగా అమ్మా. అదిస్తే సరిపోదా?" అన్నాడు తిరుపతిరాజు. ఆయన ఊరి మండలికి అధ్యక్షుడు, అరవై అయిదేళ్ల మనిషి. ఏ వస్తువైనా సరే, పెద్దది మంచిదని ఆయన నమ్మకం.

"అది బీరువా అంత ఉందండీ. దానికి చల్లటి గదీ, ముగ్గురు మనుషులూ కావాలి. వాన ఎక్కడ బాగుంటే అక్కడికి దాన్ని మోసుకెళ్తారా? ఎవరి వాన వాళ్ల జేబులో ఉండాలి రాజుగారూ. ఇంటి గుమ్మంలో పడ్డ వాన వేరు, బడి దగ్గర పడ్డ వాన వేరు."

"ఆయ్, మాటలు బానే చెప్తావు. సరే, చీటీలు తీసి నలభై మందికివ్వు. కానీ ఒక్క మాట. వాన వెలిసేసరికి ఒక్క మంచి నిండుబొమ్మ చూపించలేకపోయావో, నీ స్ఫటికాల కొలిమి మొక్కల విభాగం వాళ్లకి ఇచ్చేస్తాను. వాళ్లు రెండేళ్ల నుంచీ నా ప్రాణం తీస్తున్నారు."

"ఒక్కటేమిటండీ, నలభై చూపిస్తాను!" అంది వకుళ. అంత ధీమా ఆమెకి.

చీటీలు వచ్చిన నలభై మందినీ కూర్చోబెట్టి వకుళ ఒక పూటంతా పాఠం చెప్పింది. పక్కన ఫిరోజ్ కెమెరాలు పంచాడు. స్ఫటికాలు పెంచేది అతనే. ఏడాదికి పన్నెండు పండిస్తే గొప్ప, అంత నాజూకు పని. జనం ఆ కెమెరాల్ని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నారు. కటకం మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీయమంటే ఒక్కరూ తీయలేదు. "ఉండనివ్వండమ్మా, గీతలు పడతాయి" అన్నారు. ఒకావిడ అప్పటికప్పుడు ముఖమల్ సంచీ కుట్టేసింది.

"నొక్కితే ఒకటి అయిపోయినట్టేనా?" అని ఎవరో అడిగారు.

"అయిపోయినట్టే. వానకి ఒకటి వాడండి. మిగతా రెండూ మీ ఇష్టం."

అందరూ బుద్ధిగా తలలూపారు. వకుళ ఎంత సంబరపడిందంటే, బయటికొచ్చాక ఫిరోజ్ భుజం మీద ఒక్కటి చరిచింది. "చూశావా, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో!"

"ఆ జాగ్రత్త చూస్తేనే నాకు భయంగా ఉందక్కా" అన్నాడు ఫిరోజ్. వకుళ వినిపించుకోలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. జనం జన్మలో ఎరగని బూడిదరంగు నీడ ఊరంతా కమ్మింది. పందిరి గొంతు అన్ని వీధుల్లోనూ వినిపించింది. "మరో అరనిమిషంలో మొదటి చినుకు."

వకుళ వీధి మధ్యలో నిలబడి, తన కెమెరా తీసి, మీట మీద బొటనవేలు ఆనించింది. ఎవరు తీసినా తీయకపోయినా తను మాత్రం తీయాలి.

మొదటి చినుకు దిగింది! దిగిందనే అనాలి. అంగారకుడి ఆకర్షణ భూమి ఆకర్షణలో మూడోవంతు కంటే కాస్తే ఎక్కువ. అందుకని చినుకులు ఇంతింత లావున ఊరి, తీరిగ్గా, ఊగుతూ దిగుతున్నాయి. ఒకటి వకుళ ముక్కు మీద పడి పగిలింది. అబ్బ, ఎంత చల్లగా ఉందో! నొక్కబోయి ఆగింది. ఇంకా ఇప్పుడేగా మొదలైంది, కాస్త ఊపందుకోనీ.

ఊపందుకుంది. రేకుల కప్పుల మీద చప్పుడు లేచింది. ఎర్రమట్టి తడిసి గుప్పుమని వాసన కొట్టింది. అరవయ్యేళ్ల ఆడవాళ్లు చెప్పులు విసిరేసి వీధిలోకి దూకారు. కుట్టుకున్న గొడుగులన్నీ ఎక్కడివక్కడ పడేశారు. వకుళ మళ్లీ నొక్కబోయింది. అంతలో ఎదురింటి పిల్లలు నోళ్లు తెరుచుకుని చినుకులకి ఎగరడం మొదలుపెట్టారు. తేలికపాటి లోకం కదా, నిలువెత్తు ఎగురుతున్నారు. అలా నలుగురూ ఒకేసారి ఎగిరితే ఎంత బాగుంటుంది! ఎగిరారు. కానీ అప్పుడు మబ్బు సందులోంచి ఎండ పడబోతోంది. ఎండా వానా కలిస్తే ఇంకా బాగుంటుంది కదా! కలిశాయి. ఏడు రంగుల విల్లు పందిరి ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లమెల్లగా గీసుకొస్తోంది. ఇంకొక్క క్షణం, నిండుగా రానీ.

"వాన వెలిసింది" అంది పందిరి.

వకుళ వేలు మీట మీద అలాగే ఉంది. తడి బట్టలతో నడివీధిలో నిలబడి తనని తాను తిట్టుకుంది. తర్వాత ఊపిరి పీల్చుకుంది. పోనీలే, ఇంకా నలభై కెమెరాలున్నాయి. నలభై మందిలో ఒక్కరైనా నొక్కి ఉండరూ?

సాయంత్రానికి ఆ నలభై మందీ కెమెరాలు పట్టుకుని ప్రయోగశాలకి వచ్చారు. పందిరి ఒక్కొక్కదాన్నీ తడిమి లెక్క చెప్పింది.

"కెమెరాలు నలభై ఒకటి. వాడిన పొరలు సున్నా."

"మళ్లీ చూడు!" అని కేకేసింది వకుళ.

"మూడుసార్లు చూశాను. యంత్రాల్లో లోపం లేదు. మనుషుల్ని పరీక్షించమంటారా?"

ఫిరోజ్‌కి నవ్వాగలేదు. వకుళకి ఏడుపాగలేదు. ఆ నలభై మందినీ అడిగితే అందరిదీ ఒకటే జవాబు. మొదట్లో వాన ఇంకా పెద్దదవుతుందని ఆగారు, పెద్దదయ్యాక ఇంకా బాగుంటుందని ఆగారు, ఆఖర్న ఇలాంటిదాన్ని వానకే ఖర్చుపెట్టేయాలా, ముందు ముందు పెళ్లిళ్లున్నాయి, పిల్లలున్నారు అనుకున్నారు. ముఖమల్ సంచీ ఆవిడైతే అసలు సంచీలోంచే తీయలేదు. తడుస్తుందని.

మర్నాడు మండలి సమావేశానికి వకుళ ఉరికంబం ఎక్కేదానిలా వెళ్లింది. కొలిమి పోయినట్టే. ఏడేళ్లు బూడిదలో పోసినట్టే.

తిరుపతిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క బొమ్మ కూడా రాలేదమ్మా. మాట ప్రకారం కొలిమి మూసేయాలి. కానీ చిక్కొచ్చిపడింది. కెమెరాలు వెనక్కి ఇవ్వమంటే ఆ నలభై మందీ మా గుమ్మం ముందు కూర్చున్నారు. ప్రాణం పోయినా ఇవ్వరట. అది చాలదన్నట్టు ఊళ్లో మిగతావాళ్లందరూ తమకీ కావాలని అర్జీలు పెట్టారు."

"తీయని కెమెరా ఎందుకండీ వాళ్లకి?"

"అదే అడిగాను. ‘తీయలేదు కాబట్టే మూడూ ఉన్నాయి’ అంటున్నారు." ఆయన కాస్త సిగ్గుపడుతూ ఒక కాగితం ముందుకి జరిపాడు. "ఇది నా అర్జీ. మొదటిది నాకే ఇప్పించమ్మా. ఏడాదిలోపల ఊరందరికీ ఇస్తానంటే కొలిమి నీదే."

వకుళ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఫిరోజ్ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "ఏడాదికి పన్నెండక్కా! నాలుగు వేలు పండించాలంటే మూడొందల ఏళ్లు దాటుతుంది."

వకుళ లెక్క వేసుకుని అంది. "స్ఫటికం లేకుండా ఇచ్చేద్దాం."

"ఖాళీ డబ్బాలా? అది మోసం కదక్కా?"

"మోసమే. అందుకే మీటకి ఒక తీగ పెడదాం. ఎవరి వేలు దాని మీద గట్టిగా పడినా ఇక్కడ గంట మోగుతుంది. అసలు స్ఫటికం పట్టుకుని పరిగెడదాం. ఆ నిమిషం పోతే పోయింది, కాళ్ల మీద పడి నిజం చెప్పేస్తాను. మిగతా రెండు నిమిషాలైనా వాళ్ల చేతికొస్తాయి. నువ్వు పన్నెండు చొప్పున పండిస్తూ ఉండు. నొక్కేవాళ్లు ఏడాదికి అంతకంటే ఉండరులే."

అలా నాలుగు వేల ఖాళీ కెమెరాలు ఊళ్లోకి వెళ్లాయి. జనం ఆనందం ఇంతా అంతా కాదు. పండక్కి తీసి తుడిచి, బొట్టు పెట్టి, మళ్లీ లోపల పెట్టేవారు. పెళ్లిళ్లయ్యాయి. పిల్లలు పుట్టారు. రెండో వాన కురిసింది, మూడోది కురిసింది, నాలుగోదీ కురిసింది. ఫిరోజ్ అలమరలో అసలు స్ఫటికాలు రెండు వందలు దాటాయి. ఇరవై మూడేళ్లు గడిచాయి. గంట మోగలేదు.

ఇరవై నాలుగో ఏడు ఒక ఉదయం అది గణగణా మోగింది!

వకుళ చేతిలోని టీ గ్లాసు కింద పడింది. "ఎవరు? ఎవరిది?"

"తిరుపతిరాజుగారి కెమెరా" అంది పందిరి.

యాభై ఎనిమిదేళ్ల వకుళ స్ఫటికం పెట్టె పట్టుకుని వీధుల వెంట ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. నొక్కారు! ఎవరో ఒకరు నొక్కారు! నిజం చెప్పేస్తే ఆయన తిట్టినా సరే, కొట్టినా సరే. తన కెమెరాతో ఒక మనిషి ఒక నిమిషాన్ని కావాలనుకున్నాడు, అది చాలు.

తొంభైకి దగ్గరపడ్డ రాజుగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని కెమెరాని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "అమ్మా, సమయానికొచ్చావు! దుమ్ము తుడుస్తుంటే మీట మీద చెయ్యి పడిపోయింది. ఒకటి పోయిందేమో చూడమ్మా. ఇన్నాళ్లూ కళ్లలో పెట్టుకుని దాచుకున్నాను."

ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వకుళ నోటిదాకా వచ్చిన నిజం అక్కడే ఆగిపోయింది. "ఇలా ఇవ్వండి, చూస్తాను" అని కెమెరా తీసుకుని అటు తిరిగింది. అసలు స్ఫటికం లోపల పెట్టి, తీగ తెంపేసి, ఆయన చేతిలో పెట్టింది. "ఏం కాలేదండీ. మూడూ ఉన్నాయి."

"అమ్మయ్య! బతికించావు తల్లీ."

అప్పుడే లోపలి గదిలోంచి పెద్దాయన మునిమనవరాలు గోడ వదిలేసి వాకిట్లోకి అడుగేసింది. ఒకటి. రెండు. తూలింది, నిలదొక్కుకుంది, బోసినోటితో నవ్వుతూ మూడో అడుగు వేసింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. పుట్టాక దానికి అదే మొదటి నడక.

"రాజుగారూ, తీయండి!" అని అరిచింది వకుళ. "ఇదిగో, ఇప్పుడు! మీ కాళ్లు పట్టుకుంటాను, నొక్కండి!"

పెద్దాయన కెమెరా కంటిదాకా ఎత్తాడు. మీట మీద వేలు పెట్టాడు. పాప నాలుగో అడుగు వేసి ఆయన మోకాళ్లు పట్టుకుంది. ఆయన వేలు తీసేసి, కెమెరాని భద్రంగా తుడిచి, జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడెందుకమ్మా! రేపటికి ఇంకా బాగా నడుస్తుంది" అన్నాడు.