నాలుగేళ్ళ మస్కారా

ఎర్లిందా పెద్దకూతురు నయేలి సంచి సర్దుతోంది. రెండు లంగాలు, ఒక స్వెట్టరు, కాగితంలో చుట్టిన, బీన్స్ పెట్టి మడిచిన టాకో రొట్టెలు. పన్నెండింటికి సరిహద్దు ఊరు తిహువానాకు బస్సు. అక్కడ పెళ్ళికూతుళ్ళను అలంకరించే ఒక దుకాణంలో నయేలికి పని దొరికింది.

నయేలి దువ్వెన కోసం తల్లి సొరుగు తీసి, అలాగే నిలబడిపోయింది. లోపల నల్లటి మస్కారా గొట్టం. మూత దగ్గర ఇంకా తడిగా ఉంది. వాసన చూస్తే కాఫీ.

ఇరాపువాతో ఊళ్ళో ఆడపిల్లకు పదిహేనో పుట్టినరోజంటే పెద్ద పండుగ; ఆ రోజున పుట్టినరోజు పిల్లతో పాటు వీధి ఆడపిల్లలందరూ ఎర్లిందా వంటింట్లో వరుసగా కూర్చునేవారు. ఆమె చెంచా అంచుతో కనురెప్పల వెంట్రుకలు పైకి వంచి మస్కారా పూసేది. అది ఎండిపోతే చల్లారిన కాఫీ రెండు చుక్కలు కలిపేది. పదిమంది పిల్లలకు ఒకటే బ్రష్. ఫిబ్రవరిలో చిన్నకూతురు ఇట్సెల్‌కి కూడా అలాగే పూసింది. నాలుగో రోజుకు పిల్ల కుడికంటికి చీము పట్టింది. లోపల పుండు పడిందన్నాడు డాక్టరు. మస్కారా మూడు నెలలకు మించి ఉంచుకోకూడదని, ఏమీ కలపకూడదని, ఒకరి బ్రష్ ఇంకొకరికి పెట్టకూడదని చెప్పాడు. పారేశానని ఎర్లిందా కూతుళ్ళకు ఒట్టేసి చెప్పింది.

"ఎవరి కోసం కలిపావమ్మా ఇది?"

"ఇటివ్వు."

"ఎవరి కోసమని అడుగుతున్నా."

"పక్కింటి చొనితా మనవరాలికి. సాయంత్రం పుట్టినరోజు. మాటిచ్చాను."

"ఇట్సెల్ కన్ను అలా ఉంటే, దీంతోనే పూస్తావా?"

"నాలుగేళ్ళుగా దీంతోనే పూస్తున్నా. ఎవరికైనా ఏమైనా అయిందా? ఇట్సెల్ కంట్లో ఏదో దుమ్ము పడుంటుంది."

"దుమ్ము కాదు. నువ్వే."

చెంప పగిలేలా కొట్టింది ఎర్లిందా. నయేలి ఆమెను రెండు చేతులతో తోసేసింది. తల్లి వీపు తగిలి అద్దం కిందపడి ముక్కలైంది. ఎర్లిందా కూతురి జుట్టు పట్టుకుని వంచింది. ఇద్దరూ గాజుపెంకుల మీద పడ్డారు. నయేలి మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. అయినా సొరుగు లాగి గోడకేసి కొట్టింది.

"ఈ పౌడరు చూడు, ముక్కిన పిండి వాసన. ఈ లిప్‌స్టిక్ చూడు, చెమట పట్టింది. ఈ స్పాంజి ఎప్పుడైనా కడిగావా?"

"పోయేదానివి పో. నా సొరుగుతో నీకేం పని?"

"పోను. నీ దగ్గర చెల్లిని వదిలి ఎక్కడికీ పోను."

ఆ మాటకు జుట్టు పట్టుకున్న చేయి వదులైంది. నెల రోజులుగా ఎర్లిందా వినాలనుకుంటున్న మాట అది. ఆమె ముఖంలోకి వచ్చిన సంతోషాన్ని నయేలి చూసింది. అసహ్యంతో చూపు తిప్పుకుంది.

గుమ్మంలో ఇట్సెల్ నిలబడి ఉంది, కంటికి కట్టుతో. పెంకులు దాటుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. కట్టు విప్పేసింది.

"ముందు నాకు పుయ్యమ్మా. ఎడమ కన్నింకా బాగుందిగా."

ఎర్లిందా నేల మీద పడిన గొట్టాన్ని తీసి గుప్పిట్లో దాచుకుంది.

"పుయ్యి. నీ చేతి మీద అంత నమ్మకముందిగా."

"తగ్గుతోందన్నావు కదే," అంది తల్లి. కూతురి ఎడమ కన్ను మూసి, కుడికంటి ముందు వేళ్ళు ఆడించింది. "ఎన్ని?"

"ఏమీ లేవు. పదిరోజులుగా ఏమీ లేవు. అక్క ఆగిపోతుందని చెప్పలేదు."

ఎర్లిందా గొంతులోంచి వచ్చింది ఏడుపులా లేదు. గొట్టాన్ని వంటింటి రోట్లో పడేసి, రాయెత్తి కొట్టింది. నుజ్జయ్యాక కూడా కొట్టింది. రాయి జారి వేళ్ళ మీద పడినా ఆపలేదు. నయేలి వెనక నుంచి వచ్చి గట్టిగా పట్టుకుంది. ముగ్గురూ నేల మీదే కూలబడి చాలాసేపు ఏడ్చారు.

తర్వాత ఎర్లిందా సొరుగులోవన్నీ చెత్తలో వేసింది. చెంచాను మరిగే నీళ్ళలో పడేసింది. గోడ మీదుగా చొనితాను పిలిచింది.

"కొత్త మస్కారా కొను. పిల్లకొక బ్రష్ విడిగా తీసుకో. పాతది పారేశాను. నా బిడ్డ కన్ను నేనే పోగొట్టాను, అందరికీ చెప్పు."

లోపలికి వచ్చి నయేలి మోచేతికి గుడ్డ కట్టింది.

"వెళ్ళు. నువ్వు కాపలా ఉండక్కర్లేదు, ఇంకో కన్ను పోగొట్టను."

నయేలి ఆ చేతిని చెంపకు ఆనించుకుంది.

ఆమె 1996 మార్చి తొమ్మిదిన, మధ్యాహ్నం పన్నెండింటి బస్సెక్కింది. అక్కడే ఉండిపోయింది, ఇంటికి మళ్ళీ రాలేదు.