కనిపించాల్సిన మచ్చ

ఆడపడుచు గది గుమ్మం దాకా వెళ్ళి ఆమె వెనక్కి రావడం ఆ ఉదయం అది మూడోసారి. లోపల ఆడపడుచు, ఓడ మీద ఉద్యోగం చేసే భర్తతో ఫోనులో మాట్లాడుతోంది. "ఈసారి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయండీ. ఆసుపత్రిలో చేరక్కర్లేదన్నారు. అంతా వదిన చలవే..." ఆ గొంతులో అంత తేలిక ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ వినలేదు! ఆ తేలికను ఇప్పుడు తన చేతులతో తనే నలిపెయ్యాలి. ఎలా చెప్పాలి... చెప్పకుండా ఎలా ఉండాలి...

ఆడపడుచు ఎనిమిదేళ్ళ కూతురికి పుట్టుకతోనే ఊపిరితిత్తుల జబ్బు. కఫం జిగురులా చిక్కబడి లోపలే పేరుకుపోతుంది. ఎక్కడ పేరుకుందో కనిపెట్టి వెంటనే మందు మొదలుపెట్టకపోతే ఆ చోటు క్రమంగా చెడిపోతుంది. పిల్ల మాత్రం దగ్గుకీ దగ్గుకీ మధ్య గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతుంది కనుక ఇంట్లో అందరికీ అది వసపిట్టే. సీటీ స్కాన్‌లో ఆ చోట్లు మచ్చలుగా బాగా కనిపిస్తాయి. కానీ అది ఎక్స్‌రేలతో పని. ఏటేటా తీస్తూ పోతే ఎదిగే ఒంటికి మంచిది కాదు. ఎంఆర్ఐకి ఆ బెడద లేదు. అయితే ఊపిరితిత్తుల నిండా గాలే కాబట్టి మామూలు ఎంఆర్ఐలో అక్కడ చీకటి తప్ప ఇంకేమీ కనిపించదు. పైగా పిల్లలు కదులుతారు, దగ్గుతారు. మత్తు ఇవ్వకుండా, ఊపిరి బిగబట్టమనకుండా, పిల్లను దాని మానాన దాన్ని పడుకోనిచ్చి ఆ చీకట్లోంచి బొమ్మ రాబట్టడమే పదకొండేళ్ళుగా ఆమె పరిశోధన. పెళ్ళయిన కొత్తలో, గాలికి ఫోటోలు తీసే కోడలు దొరికిందని అత్తగారు అందరికీ చెప్పి నవ్వేవారు.

పోయిన వారం వసపిట్టకు అలా తీసిన బొమ్మ అద్దంలా వచ్చింది. పెద్ద డాక్టరు సీటీ కూడా తీయిద్దామన్నా, ఆ బొమ్మ చూసి ఆడపడుచు బతిమాలింది. పిల్ల హుషారుగానే ఉంది కదా అని ఆయనా సరేనన్నాడు. నిన్న మధ్యాహ్నం ల్యాబ్‌లో, సెమినార్‌లో చదవబోయే పేపరు కోసం లెక్కలన్నీ మొదటినుంచీ సరిచూసుకుంటుంటే, బొమ్మ కూర్చే తన ప్రోగ్రాం పారేసిన ముక్కల్లో ఆమెకు ఒక మచ్చ జాడ కనిపించింది. పిల్ల మిషన్‌లో ఉన్నంతసేపూ టెక్నీషియన్‌తో కబుర్లు చెబుతూనే ఉంది. కదిలినప్పుడల్లా చెడిపోయిన ముక్కను ప్రోగ్రాం తీసేసి, పక్క ముక్కలతో అతుకు వేసింది. ఎంత చక్కగా వేసిందంటే, కుడి ఊపిరితిత్తి అడుగున ఉన్న మచ్చ ఆ అతుకు కింద మాయమైపోయింది!

డిపార్ట్‌మెంట్ పెద్ద చెడ్డవాడు కాదు. ఆమెతో పాటు ఆయనా ఇన్నేళ్ళు ఎదురుచూశాడు. పిల్లకి వైద్యం ఎలాగూ చేయిద్దాం, ఈ ఒక్క కేసూ పక్కనపెట్టి మిగతా నలభైమంది పిల్లల బొమ్మలతో సెమినార్‌కి వెళ్దామని నచ్చజెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. పేపరు వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే కూర్చుని ఉత్తరం రాసింది. నలభైమంది బొమ్మలూ మళ్ళీ చూడాలని డాక్టర్లందరికీ, తప్పు నాది అని ఆ పిల్లల ఇళ్ళకీ రాసింది. ఇక మిగిలింది ఈ గుమ్మం ఒక్కటే.

ఆడపడుచు ఫోను పెట్టేసింది. ఆమె లోపలికి వెళ్ళి, కూర్చోకుండానే, ఉన్నదున్నట్లు చెప్పేసింది.

ఆ రోజే సీటీ తీశారు. మచ్చ ఉంది. వసపిట్ట రెండు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. చేతికి సెలైన్ సూదితో, నర్సులందరి ఇంటి సంగతులూ కనుక్కుంటూ ఉంది ఆ పిల్ల! తల్లి మాత్రం కొయ్యబారిపోయింది. డిశ్చార్జి రోజు వరండాలో వదినను ఆపింది.

"ఎనిమిదేళ్ళలో ఒక్క వారం కంటినిండా నిద్రపోయాను వదినా. అది కూడా నీ తప్పు వల్లేనని తేలింది. నా పిల్లని ఇంకెప్పుడూ నీ ప్రయోగాలకి పంపను."

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. తల్లీకూతుళ్ళు ఆసుపత్రి పక్కనే చిన్న ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు. చెల్లెలికీ భార్యకీ మధ్య భర్త నలిగిపోయాడు. మెదడో మోకాళ్ళో, కాస్త కుదురుగా ఉండే వాటి మీద పనిచేయకూడదా అని ఒకసారి మెల్లగా అడిగాడు. కుదురుగా ఉండేవాటిని చూసేందుకు చాలామంది ఉన్నారంది ఆమె. అత్తగారు మాత్రం రెండు ఇళ్ళ మధ్యా తిరుగుతూ అందరివీ విన్నారు. ఒక ఉదయం కోడలు ల్యాబ్‌కి వెళ్ళకుండా కిటికీ దగ్గర నిలబడిపోతే, పక్కన వచ్చి నిలబడ్డారు.

"నువ్వు చెప్పకపోతే ఆ తప్పు ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు అత్తయ్యా."

"అయితే దాన్ని దిద్దడం కూడా నీకే తెలుస్తుంది. కిటికీలో ఏముంది? వెళ్ళు, బస్సు దాటిపోతుంది."

వెళ్ళింది. ఆ రోజే కాదు, ఆ తరవాత రెండేళ్ళు ఒక్క రోజు మానకుండా వెళ్ళింది. ప్రోగ్రాం ఇక అతుకులు వేయకూడదు. తెలియని చోట తెలియదని బూడిదరంగు చూపించాలి. అది మొదటి నియమం. కదలికను పారేయడం కాదు, కదలిక వెంటే వెళ్ళి ఆ ముక్కను దాని చోటికి తెచ్చిపెట్టాలి. అది అసలు కష్టం. ముందు తనే మిషన్‌లో పడుకుని దగ్గింది, అటూ ఇటూ మెసిలింది, చిన్ననాటి కబుర్లన్నీ చెప్పింది. మీ ఆడపడుచు కూతురికి తగ్గ అత్తే అని టెక్నీషియన్ నవ్వాడు. ఆ పైన పిల్లల పాత స్కాన్ల మీద ప్రోగ్రాం నడిపి చూసింది. పద్దెనిమిదిసార్లు మచ్చలు చెదిరిపోయాయి. పంతొమ్మిదోసారి నిలిచాయి. అయినా ఆమె తనను తాను నమ్మలేదు! ఎలాగూ సీటీ అవసరమైన పిల్లలకు అదే రోజు ఎంఆర్ఐ కూడా తీసి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా సీటీ ఒక డాక్టరు, ఎంఆర్ఐ ఇంకో డాక్టరు చూడాలని పట్టుబట్టింది.

ఆ పరీక్ష మొదలైన నెలలోనే, ఒక మధ్యాహ్నం ల్యాబ్ తలుపు దగ్గర ఆడపడుచు నిలబడి ఉంది. చేతిలో సంతకం చేసిన అంగీకారపత్రం. పక్కన పొడుగెదిగిన వసపిట్ట. ఆమె గబుక్కున లేచింది కానీ అడుగు ముందుకు పడలేదు.

"పొద్దున ఆసుపత్రిలో సీటీ దగ్గర ఒకావిడ నా పక్కన కూర్చుంది" అంది ఆడపడుచు, తల ఎత్తకుండా. "నువ్వు రాసిన ఉత్తరం వల్ల వాళ్ళబ్బాయి బొమ్మ మళ్ళీ చూశారట. మచ్చ దొరికిందట. ఇంకో పాపకి కూడా. వాళ్ళకి చెప్పినదానివి నాకు చెప్పలేదేం వదినా, ఇంకో ఇద్దరు దొరికారని?"

"నీ కోపం నువ్వు పడాల్సిందే కదా. దానికి అడ్డం పడటం ఎందుకనుకున్నాను."

ఆడపడుచు పత్రం చేతికిచ్చి, కూతుర్ని ముందుకు తోసింది.

వసపిట్ట మిషన్‌లో ఉన్న పది నిమిషాలూ నోరు మూయలేదు. బడిలో గొడవలు, టీచరు చెప్పుల చప్పుడు, మిషన్ మోత బాగాలేదన్న ఫిర్యాదు... అన్నీ చెప్పింది. బయట కుర్చీలో తల్లి చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఉన్నాయి. సాయంత్రానికి ఇద్దరు డాక్టర్ల రిపోర్టులూ వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆమె బయటికి వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు.

"మచ్చ ఉంది. ఎడమవైపు. చిన్నది."

ఆడపడుచు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రెండిట్లోనూ అక్కడే కనిపించిందా?"

"అక్కడే."

ఆడపడుచు కళ్ళు నిండిపోయాయి. పిల్లకి మళ్ళీ మచ్చ వచ్చిందన్న దుఃఖమో, ఈసారి అది తప్పించుకోలేదన్న ధైర్యమో... తనకే తెలియలేదు. వదిన చేయి పట్టుకుని కాసేపు అలాగే ఏడ్చింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, మందు ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది.

"రేపు పొద్దున్నే."

"అయితే ఇవాళ మన ఇంటికే వస్తాం వదినా. అమ్మకి ఫోన్ చెయ్యి."