భీమ్లా కట్టిన ఎడారి

"నా మొగుణ్ని సంపింది కాలువ గాదు! మీరు! ఈ టేషను! ఈ టోపీలు!"

మిర్యాలగూడ పోలీస్ స్టేషన్ మెట్ల మీద నిలబడి పుష్పాబాయి అరుస్తోంది. ఆమె వేలు హెడ్ కానిస్టేబుల్ సత్తయ్య ఛాతీకి తగులుతోంది.

"నిన్న పగటీలి వచ్చిండు గదా! కంప్లైంటు రాసుకోమని నీ కాళ్లు పట్టుకున్నడు గదా! బొమ్మలు చేసుకునేటోనికి కంప్లైంటేందిర అని ఎల్లగొట్టింది నువ్వు గాదా?"

సత్తయ్య ఆమె వేలును పక్కకు తోశాడు.

1993 ఆగస్టు. ఎస్సై జవహర్ ముందు రోజు సూర్యాపేటలో కోర్టు డ్యూటీ ముగించుకుని అప్పుడే జీపు దిగాడు. ఆమె భర్త భీమ్లా శవం తెల్లవారి సాగర్ కాలువ తూము దగ్గర తేలింది. ఎస్సై వచ్చేలోపే సత్తయ్య రిపోర్టు రాసేశాడు. తాగి పడ్డాడట!

తండా మనిషి చస్తే రాయడానికి ఆ ఒక్క ముక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. జవహర్ కూడా తండాలో పుట్టినవాడే. ఆ కాగితాన్ని పరపరా చింపాడు.

"నిన్న ఏమన్నడు సత్తయ్యా?"

"మా పోరగాళ్లు ఏడున్నరో ఏజెంటును అడుగుండ్రి అన్నడు సార్. పోరగాళ్లు దుబాయ్‌కి పోయిన్రని మళ్ల వాడే చెప్తడు. తాగినోని మాట అనుకున్న."

"వాసన చూసినవా?"

"లేదు సార్."

"మరి?"

దవాఖానలో డాక్టర్ శవం మెడ చూపించాడు. రెండు బొటనవేళ్ల గుర్తులు. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు. నీళ్లలో పడేసరికే ప్రాణం పోయింది.

జవహర్ శవం చొక్కా తిప్పి చూశాడు. వీపంతా పసుపు రంగు ఇసుక. అంతసేపు కాలువలో నానినా వదల్లేదు. గోటితో గీకాడు. వార్నిష్ వాసన.

"ఇది కాలువ ఇసుక కాదమ్మా."

"ఆయన పని ఇసుక సారు." శవం పక్కన నిలబడ్డ పుష్పాబాయి ఆ ఇసుకను వేళ్లతో నలిపింది. "మూసీ ఇసుకను జల్లెడ పట్టి, రంగు కలిపి, వార్నిష్ తోటి అతికిస్తడు. బిక్షం ఫోటో స్టూడియోల బల్ల మీద బొమ్మ ఎడారి కడుతుండె. అట్టతోటి గోడలు, మీద సుద్ద పూత, చీపురు పుల్లలతోటి కిటికీలు. పలచటి మట్టి రంగు పూసి బట్టతోటి తుడుస్తడు. ఎండకు కాగిన పాత ఇల్లు లెక్క కొడతది. ఏందో ఎగ్జిబిషన్ కని చెప్పిన్రట."

"మంచి పనోడేనా?"

"ఊదితే తలుపులు తెరుసుకునేటియి సారు."

"ఎవరితోనన్నా తగాదా?"

"ఆయనకు తగాదానా! మొన్న పాలకీడు దిక్కు తండాకు, మా అక్క మోతీబాయి ఇంటికి పోయొచ్చిండు. అప్పటిసంది అన్నం ముట్టలే. ఏమైందంటే నా చేతులు నరకాలె అన్నడు. అంతే."

జీపు పాలకీడు వైపు తిరిగింది.

మోతీబాయికి చెల్లెలి మొగుడు చనిపోయిన కబురు అప్పుడే అందింది. అయినా ఎస్సైని చూడగానే ఆమె ముందు అడిగింది కొడుకు గురించి.

"జైరాం మంచిగున్నడా సారు? దుబాయ్ నుంచి ఏమన్న కబురా?"

"లేదు యాడీ." జవహర్ తండా మాటలోనే ఆమెను అమ్మా అని పిలిచాడు. "భీమ్లా మొన్న ఇక్కడ ఏం చేసిండు?"

"ఏం జేసిండు! నా కొడుకు గది సూసిండు."

గోడకు ఫోటో. దానికి బంతిపూలు. పసుపు ఇసుక మీద వరసగా పదకొండు చదును కప్పుల గదులు, గేటు పక్కన వాచ్‌మన్ గది. కరెంటు స్తంభాలు. ప్రతి తలుపు మీదా బల్బు. దూరంగా తలగుడ్డలు చుట్టుకున్న మనుషులు.

"ఎడమ దిక్కు నుంచి నాలుగోది మావోనిది. కోదాడ ఏజెంటు ముత్తిలింగం సారు తెచ్చిచ్చిండు. మనోళ్లు పదకొండు మంది గాడనే ఉన్నరు."

"జైరాం చిట్టీ రాసిండా?"

"వానికి సదువేడిది? ఫోటోలే వస్తయ్. ఇది మూడోది. సూడు, ఒక్కోపారి ఒక్కో ఇల్లు పెరుగుతున్నది. పెద్ద కంపినీ."

"భీమ్లా చూసి ఏమన్నడు?"

"ఏమనలే. నేను దినాం ఆ తలుపును ముద్దు పెట్టుకుంట. అది సూసి మొఖం నల్లగ జేసిండు. మరిది గదా, ఏంరా, నా కొడుకు మేడ సూసి కుళ్లుతున్నవా అని నవ్విన. మాంసం తునకల కూర వండితే ముట్టకుంట లేసిపోయిండు."

జవహర్ ఫోటోను చాలాసేపు చూశాడు. ఏమీ తట్టలేదు. వంగి గుమ్మం దాటబోతూ తలుపు పక్క గోడ మీద చెయ్యి వేశాడు. చేతికి మసి అంటింది.

ఆగిపోయాడు. మళ్లీ లోపలికి వెళ్లి ఫోటో చూశాడు.

"ఫోటో ఇయ్యి యాడీ."

"ఇయ్య. ఫోటో యాడికొస్తే నేను ఆడికొస్త."

మధ్యాహ్నానికి మిర్యాలగూడ స్టూడియోలో అందరూ చేరారు. స్టూడియో యజమాని బిక్షం నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. కోదాడ నుంచి పట్టుకొచ్చిన ముత్తిలింగం కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు. అక్కాచెల్లెళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. తలుపు దగ్గర సత్తయ్య.

"ఈ ఫోటో ఎక్కడిది ముత్తిలింగం?"

"దుబాయ్‌దండి. మా కంపెనీ క్యాంపు."

"కట్టింది ఎవరు?"

"అక్కడి అరబ్బులేనండి. ఇంకెవరు కడతారు?"

"తలుపు మీద బల్బు ఉంది. చూసినవా?"

"ఉంటుంది కదండీ. ఇరవై నాలుగు గంటలూ కరెంటు."

"తలుపు పక్కన ఏముంది?"

ముత్తిలింగం వంగి చూశాడు. "ఏముందండీ? గోడ."

"ఆ గోడల ఏమున్నది?"

"ఏమీ లేదండి!"

"సత్తయ్యా, నువ్వు చూడు."

సత్తయ్య కళ్లు చికిలించాడు. "మూడు మూలల గూడు సార్. దీపం గూడు. మీద మసి పట్టింది." అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు.

"అదీ సంగతి!" జవహర్ బల్ల మీద చరిచాడు. "ఇరవై నాలుగు గంటల కరెంటున్న దేశంల నూనె దీపం ఎవడు పెడతడు? ప్రతి తలుపు పక్కన గూడు. ప్రతి గూడు మీద మసి. ఆ తల్లి దినాం ముద్దు పెట్టుకున్నది, చూడలే. నేను చూసిన, కనపడలే. ఈ ముత్తిలింగం ఊరూరా తిప్పిండు, వీనికీ కనపడలే. ఎందుకు? అందరం గూడున్న ఇండ్లల్లనే పెరిగినం. గుమ్మం పక్కన గూడుంటే మన కంటికి అది వింత గాదు."

"మనవాళ్లే చెక్కుకున్నారేమోనండి!"

"పదకొండు గదులకు ఒకే ఎత్తుల? గేటు కాడి వాచ్‌మన్ గదికి గూడ?"

పుష్పాబాయి ఫోటో దగ్గరికి వచ్చింది. "ఆయన ఏ ఇల్లు కట్టినా గూడు పెడతడు సారు. గణేశ్ మండపానికి రాజుల కోట కట్టుమంటే దానికి గూడ ఓ గూడు పెట్టిండు. అందరు నవ్విన్రు. దీపం యాడ పెట్టుకుంటరు మరి అన్నడు."

"బిక్షం! వెనక గది తాళం."

"సామాను సార్, పాత సామాను..."

సత్తయ్య తాళం కోసం ఆగలేదు. ఒక్క తన్నుతో తలుపు ఊడింది.

మంచమంత బల్ల. దాని నిండా ఎడారి. దారంతో లాగిన కరెంటు తీగలు, గుండుసూది తలల బల్బులు, మైనం మనుషులు. కెమెరా కోసం చుట్టూ లైట్లు. ఇసుక మధ్యలో ఒక మనిషి వీపంత గుంట. దాని కింద రెండు ఇళ్లు నుజ్జు. ఆరని వార్నిష్ మీద చొక్కా దారాలు అతుక్కుని ఉన్నాయి.

"భీమ్లా తన ఎడారి మీదనే పెనుగులాడిండు," అన్నాడు జవహర్. "తన ఎడారే దుబాయ్ ఫోటో అయిందని మోతీబాయి ఇంట్ల తెలిసింది. ముందు మా స్టేషన్‌కు వచ్చిండు. మేం తరిమినం. ఇక్కడికొచ్చి నిలదీసిండు, ఫోటోలు దొంగవని తండాకు చెప్తనన్నడు."

బిక్షం ముత్తిలింగం వైపు వేలు చూపించాడు. "గొంతు పట్టింది ఈయన సార్! నేను కాళ్లే పట్టుకున్న! కాళ్లే!"

పుష్పాబాయి బిక్షం మీద పడింది. సత్తయ్య ఆపలేదు.

మోతీబాయి ఇవేవీ వినలేదు. బల్ల చుట్టూ తిరిగింది. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిటికెన వేలితో తలుపు తోసింది. తెరుచుకుంది.

లోపల అట్ట. అంతే.

ఆమె ఏడవలేదు. ముత్తిలింగం కాలరు పట్టుకుంది. "నా కొడుకేడి?"

"చెప్తానండి, వదలమనండి! దుబాయ్ వెళ్లలేదు. బొంబాయి అవతల ఉప్పు మడుల్లో ఉన్నారు. రేకుల షెడ్డు. బయట తాళం."

"పదకొండు మంది బతికే ఉన్నరా?"

జవహర్ ముత్తిలింగం మెడ పట్టి గోడకు నొక్కాడు.

"ఇద్దరికి జ్వరమండి... ఏమైందో తెలీదు. పొద్దున కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాను. గొడవైంది, పోలీసులు రావచ్చు అని. రేపటికి అందరినీ వేరే చోటికి మార్చేస్తానన్నాడు. ఎక్కడికో నాకూ చెప్పడు."

రేపటికి! జవహర్ స్టూడియో ఫోన్ అందుకుని డీఎస్పీకి చెప్పాడు. హత్య, నేరం ఒప్పుకోవడం, ఉప్పు మడులు, షెడ్డు, తాళం. అటు నుంచి వచ్చిన గొంతు గదంతా వినిపించింది.

"అది వేరే రాష్ట్రం జవహర్. పర్మిషన్ కావాలి. కాగితం పెట్టు, ఎల్లుండి చూద్దాం."

"ఎల్లుండికి ఆ షెడ్డు ఖాళీ అయితది సార్."

"రూల్సంటూ ఉన్నాయయ్యా."

మోతీబాయి రిసీవర్ గుంజుకుంది. ఫోన్‌లో మాట్లాడటం ఆమెకు అదే మొదలు. తలకిందులుగా పట్టుకుంది. జవహర్ సరిచేశాడు.

"ఓ పెద్దసారూ! నా మరిది మీ కాడికొస్తే ఎల్లగొట్టిన్రు, సచ్చిండు. ఇప్పుడు పదకొండు మందిని గూడ ఎల్లుండి అంటున్నవా? కాయితం నువ్వు కూసోని ఎన్నడన్న రాసుకో. బొంబాయి పోలీసులకు ఇప్పుడే వైర్‌లెస్ కొట్టు. ఆ తాళం పలగ్గొట్టమను. జ్వరమొచ్చినోళ్లను దవాఖానకు ఎత్తుకపొమ్మను. ఈ సారుకు నలుగురు మనుషులనియ్యి, రాత్రి బొంబాయి రైలెక్కుతడు. నేను గూడ ఎక్కుత. ఆపినోణ్ని గూడ ఈ ముత్తిలింగం పక్కన నిలబెడత. ఇంటున్నవా? లే! కుర్సీల కెల్లి లే!"